ఆది జాకెట్టు

మా ఇంట్లో ఆడవాళ్ల ఒంటికి ఎవరూ టేపు పెట్టరు. అమ్మకు పెట్టలేదు, అక్కకు పెట్టలేదు, నాకూ పెట్టలేదు. కొత్త జాకెట్టు కుట్టించాలంటే ఒంటికి సరిపోయే పాత జాకెట్టు ఒకటి సంచిలో వేసుకెళ్లి టైలర్ మాస్టర్ బల్ల మీద పెడతాం. దాన్నే ఆది అంటాం. మాస్టర్ దాన్ని బల్ల మీద పరిచి, అరచేత్తో సాపు చేసి, కొలతలన్నీ దాని నుంచే తీసుకుంటాడు. మనిషి వైపు చూడడు. చూడకపోవడమే మర్యాద.

అబిడ్స్‌లో పెద్ద షాపుల వెనక సందులో, మెట్ల కింద ఉన్న ఒక దుకాణంలో నేను కాలేజీ రోజుల నుంచి జాకెట్లు కుట్టించుకుంటున్నాను. మాస్టర్‌కు నా ముఖం తెలుసు, నా జాకెట్టూ తెలుసు. ఆ రెండూ ఒకే మనిషివని తెలుసా అని నేనెప్పుడూ అడగలేదు. అది అడగాల్సిన ప్రశ్నలా అనిపించలేదు.

నేను లావు మనిషిని. ఇది బాధతో చెప్పడం లేదు, పరిచయం కోసం చెబుతున్నాను. చిన్నప్పుడు చర్చిలో క్రిస్మస్ నాటకం వేస్తే ఏటా సత్రం యజమాని వేషం నాదే. ఎవరొచ్చి తలుపు తట్టినా "చోటు లేదు" అనాలి, అంతే. నేను తలుపులో నిలబడ్డాక ఆ మాట వేరే చెప్పక్కర్లేదని మా పెదనాన్న అన్నారు. చర్చి మెట్ల మీద అందరూ నవ్వారు. మరుసటేడు ఆయన నోరు తెరవకముందే ఆ జోకు నేనే వేశాను. ఈసారి ఇంకా ఎక్కువ మంది నవ్వారు. నవ్వించే ఉద్యోగంలో నేను చేరింది ఆ రోజే. జీతం రాదు గానీ మొదటి మాట మనదవుతుంది.

తొమ్మిదో తరగతిలో ఇంకో సంగతి జరిగింది. అబిడ్స్‌లోనే ఒక బట్టల షాపు ట్రయల్ రూములో, పండక్కని తీసిన గౌను నా తల దాటి భుజాల దగ్గర ఇరుక్కుపోయింది. పైకి రాదు, కిందికి దిగదు. అమ్మ ఒక చేతిని, సేల్స్ గర్ల్ ఇంకో చేతిని పట్టుకుని లాగారు. బయట ఎవరో "లోపల ఇంకా ఎంతసేపు" అని అడుగుతున్నారు. గౌను లోపలి చీకట్లో నేను ఒక నిర్ణయం తీసుకున్నాను: ఇక ఏదీ తొడిగి చూసేది లేదు. అప్పటి నుంచి కుర్తా అయినా టీషర్టు అయినా అన్నిటికంటే పెద్ద సైజు అడిగి, చూడకుండా సంచిలో వేయించుకుని వచ్చేస్తాను. బరువు తూచే మిషను జోలికీ పోను. ఒకసారి జ్వరం వచ్చి దవాఖానకు వెళ్తే నర్సు తప్పదని ఎక్కించింది. ఆమె చెప్పిన అంకె విని మిషను పాడైందనుకున్నాను. పాపం, వీళ్లకు కొత్తది ఎప్పుడు వస్తుందో అని జాలి కూడా పడ్డాను.

ఇక నా జాకెట్ల చరిత్ర. ఇంటర్ ఫేర్‌వెల్‌కు మొదటిసారి చీర కట్టాను. అప్పటికి నాకంటూ జాకెట్టు లేదు కాబట్టి ఆదీ లేదు. అమ్మ తనది ఇచ్చింది. నేను లావు కదా, "మాస్టర్, జర లూజు పెట్టండి" అని చెప్పాను. డిగ్రీ ఫేర్‌వెల్‌కు ఆ జాకెట్టే ఆది. మళ్లీ "జర లూజు". కోచింగ్ సెంటర్లో ఇంగ్లీషు చెప్పే ఉద్యోగం వచ్చినప్పుడు డిగ్రీ జాకెట్టు ఆది, అదే మాట. ఇట్లా నా ప్రతి జాకెట్టూ తన ముందుదాని కంటే కొంచెం పెద్దదిగా పుట్టింది. నేను ఏటికేడు లావవుతున్నానని నా దగ్గర ఉన్న రుజువు కూడా అదే. అనుమానం ఉన్నవాళ్లకు జాకెట్లు వరసగా పరిచి చూపించగలను.

వేసుకుంటే వదులుగా ఉండేవి, నిజమే. వీపు దగ్గర లోపలికి మడిచి పిన్నులు పెట్టుకునేదాన్ని. పిన్నులు చీరకట్టులో భాగం అనుకున్నాను. చీర కట్టిన ఏ ఆడమనిషినైనా దులిపి చూడండి, ఒక పిన్నయినా రాలుతుంది. మరీ వదులుగా అనిపిస్తే, ఇవి శ్రమదినాల ఉపవాసాలు కదా, ఈస్టర్ పోతే మళ్లీ నిండుతాంలే అని సర్దిచెప్పుకునేదాన్ని. నాకు నేను ఏది చెప్పినా నమ్ముతాను.

ఇట్లా అంతా సాఫీగా నడుస్తుండగా మా అక్క పెళ్లి కుదిరింది. నేను తోడి పెళ్లికూతురిని. అక్కకు తెల్లచీర, రిసెప్షన్‌కు ఏదో బరువైన లెహంగా. నాకేం కట్టాలన్న చర్చ వచ్చినప్పుడు అమ్మ బీరువా పైఅర నుంచి ఒక పాత దిండు గలీబు తీసింది. అందులో తన పెళ్లినాటి సాయంత్రం కట్టుకున్న ముదురాకుపచ్చ పట్టుచీర, దాని జాకెట్టు ఉన్నాయి.

చీర సంగతి సరే. జాకెట్టు మాత్రం అమ్మమ్మ చేతిపని. మెదక్ వైపు మిషన్ బోర్డింగ్ స్కూల్లో ఆమె నేర్చుకున్న కుట్టు. కుడి చంక కింద మొదలైన మల్లెతీగ వీపు మీదుగా పాకి ఎడమ చంక కింద ఆగుతుంది. తెల్లదారంతో ఒక్కో మొగ్గ బియ్యపుగింజంత. అమ్మమ్మ పోయింది. ఆమె కుట్టిన బల్లగుడ్డలు, దిండు గలీబులు వాడి వాడి మసిగుడ్డలయ్యాయి. మా ఇంట్లో వారసత్వం సాధారణంగా వంటగట్టు మీదే ముగుస్తుంది. మిగిలింది ఈ జాకెట్టు ఒక్కటే.

"ఇద్దరిల ఒక్కరన్న ఇది తొడుక్కోవాలె," అంది అమ్మ. "నా ఆశ గంతే."

ముందు అక్క ప్రయత్నించింది. మా ఇంట్లో అక్క సన్నది, నేను లావు. ఇది మేము పుట్టినప్పుడే తీర్మానించిన విషయం. ఆ సన్న అక్కకు జాకెట్టు మోచేతి పైన ఆగిపోయింది. లాగబోతే అమ్మ చేయి పట్టుకుని ఆపింది.

"దీనికే పట్టకపోతె ఇంక చిన్నదానికేం పడ్తది," అంది అమ్మ.

ఆ వాక్యంలో తప్పు ఎవరికీ కనబడలేదు. నాకు అసలే కనబడలేదు.

"విప్పించి చంకల కింద గుడ్డ ఎయ్యాల్సిందే," అంది అమ్మ మళ్లీ.

"తీగ తెగుతది కద," అంది అక్క.

అమ్మ జాకెట్టును ఒళ్లోకి తీసుకుంది. "తెగనీ. బీరువాల ఉంటె ఎవరు చూస్తరు. మా అమ్మ కుట్టింది నా బిడ్డ ఒంటి మీద ఉంటె చాలు."

"తీగదేముందమ్మా, పందిరి పెద్దగయింది, అంతే," అన్నాను నేను.

అమ్మ నవ్వలేదు. మామూలుగా నవ్వుతుంది. ఆ జాకెట్టు మీద కత్తెర పడడం ఆమెకు ఎంత కష్టంగా ఉందో అప్పుడు తెలిసింది. వద్దులే, నేను వేరే చీర కట్టుకుంటాను అన్నాను. ఒప్పుకోలేదు. కోస్తే బాధ, కోయకపోతే ఆశ తీరదు. ఆ రెండింటి మధ్య అడ్డంగా నా ఒళ్లు ఉంది. తలుపులో నిలబడ్డం నాకు అలవాటే గానీ ఈసారి జోకు రాలేదు.

సోమవారం సాయంత్రం క్లాసులయ్యాక ఆకుపచ్చ జాకెట్టు, నా ఆది రెండూ పట్టుకుని మాస్టర్ దగ్గరికి వెళ్లాను. పెళ్లి గురువారం. చీరకు ఫాల్ కుట్టించుకోవడానికి వచ్చిన ఒక ఆంటీ స్టూలు మీద కూర్చుని ఉంది. మాస్టర్ ఆకుపచ్చది తిప్పి, లోపలి కుట్లు చూశాడు.

"మంచి చెయ్యి. ఎవరు చేసిన్రు?"

"మా అమ్మమ్మ."

"లోపల మడిచిన గుడ్డ ఏం మిగల్లేదు. విప్పుతె ఒక్క దారం కూడ పెరగది." దాని మీద నా ఆది పరిచాడు. ఆకుపచ్చది కనబడకుండా పోయింది. రుమాలు మీద గొడుగు తెరిచినట్టు ఉంది. మాస్టర్ ఆదిని ఎత్తి, ఆకుపచ్చదాని మీద రెండు పక్కలా చాక్‌తో గీతలు గీశాడు. "ఈడ తెగుతది, ఆడ తెగుతది. నడుమ వేరే గుడ్డ ఎయ్యాలె. తీగ మాత్రం మూడు ముక్కలైతది. పర్వలేదా?"

"పర్వలేదు, కోయండి," అన్నాను.

ఆయన కత్తెర ముట్టుకోలేదు. "ఒక్క పని చెయ్ బేటీ. ఆమెను జర తీస్కరా."

"ఎవర్ని?"

"గీ ఆది జాకెట్టు ఎవరిదో ఆమెను. మామూలు గుడ్డయితె నాకు ఆది చాలు. గిసొంటిది ఒకసారి కోస్తె మల్ల రాదు. మనిషిని చూడందె కత్తెర పెట్ట."

"ఆమె వచ్చింది."

మాస్టర్ మెడ సాచి బయట మెట్ల వైపు చూశాడు. "ఏడ?"

"ఇక్కడే. నేనే."

ఆయన నవ్వాడు. ఆంటీ కూడా నవ్వింది. నేను జోకులు వేస్తానని మాస్టర్‌కు తెలుసు. జీవితంలో మొదటిసారి జోకు వేయకుండా ఒక నిజం చెబితే ఇద్దరు మనుషులు హాయిగా నవ్వారు.

"నిజంగానే నాది మాస్టర్."

"ఊకో బేటీ. పెండ్లిళ్ల పనుల పరేషాన్ల ఉన్నం, నువ్వు గిట్ల..." అంటూ నా ముఖం చూసి ఆగాడు. కళ్లద్దాలు తీసి తుడుచుకుని మళ్లీ పెట్టుకున్నాడు. అప్పుడు కూడా నా ఒంటి వైపు చూడలేదు, ఆది వైపే చూశాడు. "ఇది నీదా? మీ మేనత్తదో, పెద్దమ్మదో అనుకున్న. పాపం ఆమెకు కాళ్ల నొప్పులేమో, మెట్లు దిగలేదేమో, పిల్ల తెస్తున్నది అనుకున్న. ఇంట్ల పెద్దామె కోసం గింత తిరుగుతది, మంచి పిల్ల అని మా ఇంట్ల కూడ చెప్పిన."

ఇన్నేళ్లూ నాకు తెలియకుండా నాకొక మేనత్త ఉంది. భారీ మనిషి, కాళ్ల నొప్పులు. ఏటికేడు లావవుతోంది. నేను ఆమెకు సేవ చేస్తున్నాను. విని కాసేపు ఆమె ఆరోగ్యం గురించి నాకే ఆందోళన కలిగింది.

"మాస్టర్, నేను లావు మనిషిని," అన్నాను. "ఈ కుర్తా వదులు కదా, అందుకని కనబడదు."

"గా కుర్తాల ఇద్దరు పడ్తరు," అంది స్టూలు మీద ఆంటీ.

"నేను ఒక్కదాన్నే నిండుగా ఉన్నాను ఆంటీ."

"యాడున్నవమ్మా నిండుగ? మెడకాడ బొక్కలు కనబడ్తున్నయి."

నేను వెంటనే మెడ తడుముకున్నాను. ఎముకలు తగిలిన మాట నిజమే. కానీ అవి అందరికీ ఉంటాయి కదా, లావువాళ్లకు మాత్రం ఉండవా. మొహమాటానికి అంటున్నారేమో అనుకున్నాను. తీరా చూస్తే మాస్టర్‌కు మొహమాటపడాల్సిన అవసరం లేదు, చేతికొచ్చిన పని పోతోంది. ఆంటీకి నేనెవరో కూడా తెలియదు. తన లావుదనం నిరూపించుకోవడానికి ఒక ఆడపిల్ల అబిడ్స్‌లో ఇద్దరు అపరిచితులతో వాదించడం బహుశా అదే మొదలు. వాదన నేను ఓడిపోతున్నాను కూడా.

"నాకేం తెల్వది బేటీ. నేను మనుషుల్ని చూడ, బట్టల్ని చూస్త," అని మాస్టర్ రెండు జాకెట్లూ మడిచి నా సంచిలో పెట్టాడు. "ఇంటికి పోయి తొడిగి చూడు. పట్టకపోతె రేపు పొద్దుగాల తే, కోస్త."

తొడిగి చూడు అంట. నేను గౌను తర్వాత దేన్నీ తొడిగి చూడలేదని ఆయనకేం తెలుసు.

అక్కణ్ణుంచి నాంపల్లిలో మా ఇంటికి నడిచే పోవచ్చు. ఆ సాయంత్రం మాత్రం షేర్ ఆటో ఎక్కాను. ఎక్కగానే అలవాటు ప్రకారం సారీ అంటూ మూలకు ముడుచుకున్నాను. డ్రైవర్ వెనక్కి తిరిగి, "జర జరుగుండ్రి, ఆ బక్క మేడం పక్కన ఇంకొకరు పడ్తరు," అన్నాడు. ఆ బక్క మేడం ఎవరా అని అందరితో పాటు నేనూ వెతికాను. అందరూ నన్నే చూస్తున్నారు.

దారంతా నాకు ఏమీ అర్థం కాలేదు. నేను లావు కాకపోతే ఆ గౌనులో ఇరుక్కున్నది ఎవరు? ఆ పిల్ల ఎప్పుడు దిగిపోయింది? నాకు చెప్పకుండా ఎట్లా దిగింది? ఇంకో చిక్కు కూడా ఉంది. కొత్త బ్యాచ్ మొదటి క్లాసులో నేను ఒక జోకు వేస్తాను: "నా వల్ల బోర్డు కనబడకపోతే చెప్పండి, పక్కకు జరుగుతాను. పూర్తిగా జరగడానికి కొంచెం టైమ్ పడుతుంది." పిల్లలు నవ్వుతారు. ఇన్నాళ్లూ జోకు బాగుందని నవ్వారనుకున్నాను. ఇప్పుడు ఆలోచిస్తే వాళ్ల నవ్వులో కొంచెం తికమక ఉండేది. అర్థం కాక, మేడం కదా అని నవ్వారేమో. నా జోకులన్నీ నా సైజు మీదే బతుకుతున్నాయి. సైజు లేదంటే వాటిని ఎవరు పోషిస్తారు?

ఇల్లు చేరేసరికి అమ్మ గుమ్మంలోనే ఉంది. చెప్పులు విడవకముందే అడిగింది. "కోసిండా?"

"లేదు. మనిషిని చూడాలంటున్నాడు."

"నువ్వు పోయినవ్ కద?"

"పోయాను. నేను సరిపోలేదట."

అమ్మకు అర్థం కాలేదు. నాకూ కాలేదు కాబట్టి వివరించలేకపోయాను. మేనత్త కథ ఎట్లాగో చెప్పాను. అక్క నవ్వి నవ్వి మంచం మీద వాలింది. అమ్మ మాత్రం జాకెట్టు తీసి చాక్ గీతల దగ్గర బొటనవేలితో రుద్దింది. అవి అంత తొందరగా పోలేదు.

"తొడుగు," అంది.

"వద్దమ్మా. చిరుగుతది. మాస్టర్ కోస్తే మళ్లీ కుట్టొచ్చు. చిరిగితే ఇక అంతే."

"కోసినా తెగుడే, చిరిగినా తెగుడే. తొడుగు."

"రేపు పొద్దున చూద్దాం."

"రేపు పొద్దున ఆయన కోస్తడు."

ఆమె గొంతులో బతిమాలడం ఉంది. మా అమ్మ బతిమాలే రకం కాదు, ఆజ్ఞాపించే రకం. లోపలి గదిలోకి వెళ్లాం. నేను గోడ వైపు తిరిగి నిలబడ్డాను. చేతులు దూర్చాను. అక్కకు ఆగిన చోట నాకూ ఆగుతుందని మోచేతి దగ్గర నేనే ఆగాను. జాకెట్టు ఆగలేదు, భుజాల దాకా పోయింది. హుక్కులు ముందు వైపు. అమ్మ వెనక నుంచి చేతులు చాచి ఒకటొకటిగా పెడుతోంది. ప్రతి హుక్కుకూ నేను పట్టు చిరిగే చప్పుడు కోసం వింటున్నాను. బయట ఎవరిదో స్కూటర్ హారన్, నాన్న చూసే టీవీలో వార్తలు. చిరిగే చప్పుడు మాత్రం లేదు.

"ఊపిరి బిగబట్టకు," అంది అమ్మ.

"బిగబట్టలేదు."

"వదులు."

"వదిలిన ఊపిరే అమ్మా ఇది."

అమ్మ నన్ను తన వైపు తిప్పుకుని పైనుంచి కిందికి చూసింది. సంతోషిస్తుందనుకున్నాను. ఆమె ముఖం తెల్లబోయింది. "ఏమైంది నీకు? గింత చిక్కినవేంది? రేపు దవాఖానకు పోదం. థైరాయిడో ఏమో."

"అది ఎప్పట్నుంచో గిట్లనే ఉందమ్మా," అంది అక్క గుమ్మంలోంచి.

"నీకెట్ల తెలుసు?"

"పక్కన పండుకునేది నేనే కద. దాని మోచెయ్యి నా డొక్కల పొడుస్తది."

"మరి నాకెందుకు చెప్పలేదు?" అన్నాను.

"ఏం చెప్పాలె? పొద్దున లేస్తె లావు లావని నువ్వే జోకులేస్తవ్. బక్కగ ఉన్న అని తెలిసే ఏస్తున్నవ్ అనుకున్న. జోకంటె గదే కద." అని, అప్పుడే ఏదో తట్టినట్టు ఆగింది. "మరి నాకు మోచేతికాడ్నే ఎందుకు ఆగింది? నేను లావయిననా?"

పెళ్లి మూడు రోజుల్లో ఉంది. ముందు గదిలో నాన్న టీవీ శబ్దం పెంచారు. నా వద్ద ఇన్నేళ్లు ఉన్న ఉద్యోగం అక్కకు బదిలీ అయిందేమోనని నాకు అనుమానం వచ్చింది. అక్కకు ఆ పని రాదు, జోకులు వేయలేదు, ఏడుస్తుంది. "పట్టు బిగుసుకుపోతుందక్కా, పాతది కదా," అన్నాను. నాకు పట్టిన పట్టు ఆమెకు ఎట్లా బిగుసుకుందో నేను ఆలోచించలేదు, ఆమె కూడా అడగలేదు. అద్దంలో ఒకసారి పక్కకు తిరిగి చూసుకుని వెళ్లిపోయింది.

నేనూ బీరువా అద్దంలో చూశాను. ఆకుపచ్చ జాకెట్టు వేసుకున్న ఒక లావు మనిషి కనబడింది. రెప్ప వేసి చూస్తే ఎవరో తెలియని పిల్ల. ఇంకో రెప్పకు మళ్లీ లావు మనిషి. ఏది నమ్మాలో తెలియక చూడ్డం మానేశాను.

అమ్మ నా వెనక్కి వచ్చింది. దవాఖాన సంగతి మరిచిపోయినట్టుంది. కుడి చంక కింద, తీగ మొదలయ్యే చోట వేలు పెట్టి, మొగ్గ మొగ్గ మీద ఆగుతూ వీపు మీదుగా నడిపించుకుంటూ పోయింది. ఎక్కడా తెగలేదని చూసుకుంటోంది. నాకు చక్కిలిగింత పెడుతున్నా కదల్లేదు. నా వీపు ఎంత ఉంటుందో నాకు తెలుసు కాబట్టి చాలాసేపు పడుతుందనుకున్నాను. వేలు అంతలోనే ఎడమ చంక కింద ఆగింది.

"ఏమైంది, అక్కడ తెగిందా?" అన్నాను.

"ఏం తెగలే. అయిపోయింది."

"అంతేనా?"

"అంతే," అంది అమ్మ. "గింతే ఉన్నవ్."

మిగతాది ఎటు పోయిందో నాకు అర్థం కాలేదు. అమ్మ మాత్రం వేలు తీయకుండా, మళ్లీ మొదటి మొగ్గ దగ్గరికి వెనక్కి నడిపించడం మొదలుపెట్టింది.